రోడియో ఎవరిది?

రోడియో అనే అమెరికన్ క్రీడను గురించి మన విద్యార్థుల్లో రెండు అభిప్రాయాలు వినబడుతున్నాయి. అది స్వేచ్ఛామానవుడి క్రీడ అన్నది మొదటిది. కౌబాయ్‌కి యజమాని లేడు, సంఘం లేదు. గుర్రమూ, తాడూ, గుండెదిటవూ ఉంటే అతనికి చాలు. అలాంటి ఒంటరి వీరుణ్ణి కన్నది గనుకనే అమెరికా అంతటి దేశమయింది అంటారు. టెక్సాస్‌లో చదువుకుంటున్న మన పిల్లలు హ్యూస్టన్ రోడియోకు వెళ్లి, వెడల్పాటి టోపీ నెత్తిన పెట్టుకుని తీయించుకున్న ఫొటోలు ఇళ్లకు పంపుతుంటే, వాటి వెనకనున్నది చాలావరకు ఈ అభిప్రాయమే. రెండోది మన మిత్రులది. రోడియో సామ్రాజ్యవాదుల పశుక్రీడ, మూగజీవాల్ని హింసించి చప్పట్లు కొట్టే నీచవినోదం, దాన్ని గురించి అభ్యుదయవాదులు మాట్లాడవలసిందేమీ లేదు అంటారు.

మొదటి అభిప్రాయం అబద్ధం. రెండోది సోమరితనం. మొదటిదాన్ని నమ్మేవాడు చరిత్ర ఎరగడు. రెండోదాన్ని నమ్మేవాడు చరిత్ర తనకక్కర్లేదనుకుంటున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ అన్యాయమైపోయేవాడు ఒక్కడే: ఆ ఆటను తన పనిలోంచి పుట్టించిన కూలివాడు. అతని తరపున నాలుగు మాటలు చెప్పడానికే ఈ వ్యాసం.

మాటతోనే మొదలుపెడదాం. రోడియో ఇంగ్లీషు మాట కాదు, స్పానిష్ మాట. చుట్టుముట్టడం అని దాని అర్థం. కంచెల్లేని మైదానాల్లో మేసే మందల్ని ఏటా ఒకచోటికి తోలి, లెక్కపెట్టి, ఏ దూడ ఏ యజమానిదో తేల్చి వాతలు వేసే పనికి మెక్సికోలో ఆ పేరు. ఆ పని చేసే వాడు వకేరో, అంటే పశువులవాడు. అమెరికన్ కౌబాయ్ తన సొత్తనుకునే మాటల్లో ముఖ్యమైనవన్నీ ఈ వకేరోవే. లాసో, లారియట్, రాంచ్, కొరాల్, బ్రాంకో, కాళ్లకు తొడిగే తోలు చాప్స్ – ఒక్కటీ ఇంగ్లీషు కాదు. వకేరో అన్న మాటనే నోరు తిరక్క బక్కరూ అన్నారు. భాషాశాస్త్రం చదివినవాడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. పనిముట్ల పేర్లు ఎవరివో పని నేర్పింది వాళ్లే.

ఆ వకేరో ఎవరు? 1519లో కోర్తెజ్ 16 గుర్రాలతో మెక్సికో గడ్డమీద దిగాడు. గుర్రమే జయించినవాడి బలం గనుక, స్థానిక ఇండియన్లు గుర్రమెక్కరాదని వలసప్రభువులు శాసించారు. కాని మందలు పెరిగాయి. వాటిని కాయడం దొరలవల్ల అయ్యే పని కాదు. తమ శాసనాన్ని తామే మింగి, ఇండియన్లనూ, నల్లవాళ్లనూ, మిశ్రమజాతుల వాళ్లనూ గుర్రాలెక్కించారు. 1769 నుంచి కాలిఫోర్నియాలో క్రైస్తవ మిషన్లు వెలిశాక అక్కడి మందల్ని కాసింది కూడా ఇండియన్లే. వాళ్లు ఆ మిషన్లు వదిలిపోవడానికి వీల్లేదు, పోతే పట్టి తెచ్చి కొరడాతో కొట్టేవారు. స్వేచ్ఛామానవుడి క్రీడకు తొలి గురువులు వీళ్లు!

1848లో గ్వాడలూప్ హిడాల్గో సంధితో అమెరికా సంయుక్తరాష్ట్రాలు మెక్సికో భూభాగంలో దాదాపు సగాన్ని లాక్కున్నాయి. టెక్సాస్ అంతకుముందే, 1845లో, చేజిక్కింది. భూమితో పాటు మందలూ, మందలతో పాటు పనివాళ్లూ, వాళ్ల విద్యా కొత్త యజమానుల పాలయ్యాయి. 1865లో అంతర్యుద్ధం ముగిసేనాటికి టెక్సాస్‌లో సుమారు 4 డాలర్లకు దొరికే పశువు ఉత్తరాది నగరాల్లో 40 డాలర్లు పలికేది. ఈ తేడాలోంచి పుట్టినవాడు కౌబాయ్. అతని తండ్రి సాహసం కాదు, బేరం. 1867లో కాన్సాస్‌లోని ఆబిలీన్ రైలుస్టేషన్ పశువుల సంతగా మారింది. రెండు మూడు వేల పశువుల్ని పదీ పన్నెండు మంది రెండు మూడు నెలలపాటు తోలుకుపోవాలి. రాత్రిళ్లు వంతులేసుకుని కాపలా, నదులు దాటడం, మంద బెదిరితే చీకట్లో దాని వెనక పరుగు. జీతం నెలకు 25 నుంచి 40 డాలర్లు. గుర్రం సాధారణంగా యజమానిది. చరిత్రకారుల అంచనాలో ఆ దారుల వెంట నడిచిన కౌబాయ్‌లలో దాదాపు నాలుగోవంతు నల్లవాళ్లు, మెక్సికన్లూ అనేకులు. మన పాలేరు జీవితం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇంతకంటె వివరించనక్కర్లేదు.

ఇక కౌబాయ్‌కి సంఘంతో పనిలేదన్న మాట. 1883లో టెక్సాస్ ఉత్తరభాగంలో కెనేడియన్ నది ప్రాంతపు కౌబాయ్‌లు ఒక కోరికల పత్రం రాశారు. 24 మంది సంతకాలు చేశారు. నెలకు 50 డాలర్లకు తక్కువైతే పనిచెయ్యం, మంచి వంటవాడికీ అంతే ఇవ్వాలి, జట్టు నడిపేవాడికి 75 ఇవ్వాలి అన్నారు. వంటవాడి జీతాన్ని తమ జీతంతో సమానంగా అడిగిన ఈ మనుషుల్ని ఒంటరి వీరులంటున్నారు మన వక్తలు. సమ్మెకు కారణం ఉంది. పాత పద్ధతిలో కౌబాయ్ నాలుగు పశువుల్ని సొంతంగా పెంచుకునేవాడు. తూర్పు నగరాల నుంచీ, ఐరోపా నుంచీ పెట్టుబడి వచ్చిపడ్డాక కంపెనీలు ఆ హక్కు తీసేశాయి. రేపో మాపో తానూ రైతునౌతానన్న ఆశ పోయి, కూలివాడు కూలివాడిగానే మిగిలాడు. సమ్మె ఓడిపోయింది. యజమానులు సమ్మెదారుల్ని తీసేసి, దొరికినవాళ్లతో వసంతకాలపు రోడియో కానిచ్చుకున్నారు.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1874లో గ్లిడెన్ అనేవాడు ముళ్లతీగెకు పేటెంటు పొందాడు. ఆ తీగె మైదానాన్ని ముక్కలు చేసింది. 1886–87 చలికాలంలో మంచుకింద మందలకు మందలే చచ్చాయి. 1892లో వయోమింగ్‌లో జాన్సన్ కౌంటీ యుద్ధం జరిగింది. అక్కడి పశువుల ఆసాముల సంఘం వారు చిన్నరైతుల మీద దొంగలన్న ముద్ర వేసి, టెక్సాస్ నుంచి కిరాయి తుపాకీవాళ్లను రైల్లో దించారు. నేట్ ఛాంపియన్ అనే చిన్న పశురైతును అతని గుడిసెలోనే ముట్టడించి చంపారు. జనం తిరగబడి ఆ కిరాయిమూకను చుట్టుముడితే, సాక్షాత్తు దేశాధ్యక్షుడు హారిసన్ ఆజ్ఞమీద సైన్యం వచ్చి రక్షించింది – రైతుల్ని కాదు, హంతకుల్ని. ఒక్కడికీ శిక్షపడలేదు.

ఆ పశువుల ఆసాములకు రాజధాని షైయెన్ పట్టణం. సరిగ్గా ఐదేళ్ల తర్వాత, 1897లో, అదే షైయెన్‌లో ఫ్రాంటియర్ డేస్ అనే ఉత్సవం మొదలైంది. ఈనాటికీ ప్రపంచంలో అతి పెద్ద రోడియోల్లో అదొకటి. దాని ఆలోచన ఏ కౌబాయ్‌దీ కాదు, యూనియన్ పసిఫిక్ రైల్వే వారి ప్రయాణీకుల ఏజెంటుది. ఉత్సవం ఉంటే టిక్కెట్లు అమ్ముడౌతాయి. బతికున్న కౌబాయ్ సంఘం పెడితే పనిలోంచి తీసేశారు, రైతయితే కాల్చారు. అతని బతుకుతెరువు అంతరించాక అతని బొమ్మకు ఉత్సవం చేశారు.

పోటీలు అంతకుముందు లేవని కాదు. 1869 జూలై 4న కొలరాడోలోని డీర్ ట్రెయిల్‌లో, 1883లో టెక్సాస్‌లోని పేకస్‌లో, 1888లో ఆరిజోనాలోని ప్రెస్కట్‌లో కౌబాయ్‌లు పందేలు వేసుకున్నారు. మాదే మొదటి రోడియో అని ఈ ఊళ్లు పోట్లాడుకుంటాయి. ఆ పోట్లాట మనకనవసరం. పని ముగిసిన కూలీలు ఎవరి చేయి ఎంతటిదో తేల్చుకోవడం ప్రతి దేశంలోనూ ఉంది. మన పల్లెల్లో ఎడ్లచేత బండ లాగించడం అలాంటిదే. ఆటా పాటా శ్రమలోంచి పుట్టాయన్న సూత్రం మనం తరగతుల్లో వల్లిస్తుంటాం. దాన్ని పరీక్షించడానికి రోడియోకన్న మంచి ఉదాహరణ దొరకదు. తర్వాత ఆ ఆట టిక్కెట్టు కొనే ప్రేక్షకుడి ముందుకెళ్లినప్పుడు ఏమైందన్నదే మనకు కావలసిన ప్రశ్న.

ఇక్కడ బఫెలో బిల్ కోడీ ప్రవేశిస్తాడు. 1882లో నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్‌లో ఉత్సవం జరిపి, మరుసటేడు వైల్డ్ వెస్ట్ ప్రదర్శన ప్రారంభించాడు. ఆ మరుసటేడు అంటే 1883, కౌబాయ్‌ల సమ్మె జరిగిన సంవత్సరమే! టెక్సాస్‌లో కౌబాయ్ జీతం అడుగుతున్నాడు. ప్రదర్శనశాలలో కౌబాయ్ ఇండియన్లను తరుముతున్నాడు. జనానికి చూపించింది రెండోవాణ్ణే. 1885లో సిటింగ్ బుల్ అంతటి నాయకుణ్ణి ఊరూరా తిప్పి చూపించారు. 1890లో వూండెడ్ నీ దగ్గర సైన్యం ఇండియన్ స్త్రీలనూ పిల్లలనూ కూడా ఊచకోత కోసింది. ఆ ఉద్యమంలో పట్టుబడ్డ ఖైదీల్లో కొందరిని మరుసటేడే కోడీ కంపెనీతో ఐరోపా యాత్రకు పంపారు. ఓడిన జాతిని తన ఓటమినే రోజూ నటించమన్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన పక్కన కోడీ గుడారం వేసినప్పుడు, అదే నగరంలో చరిత్రకారుడు టర్నర్, సరిహద్దు భూములే అమెరికన్ వ్యక్తివాదాన్ని పోతపోశాయన్న ప్రసిద్ధ వ్యాసం చదివాడు. గుడారంలో చూపింది వేషం, సభలో చదివింది సిద్ధాంతం. రెంటిలోనూ కూలివాడి జీతం ప్రసక్తి లేదు.

సాహిత్యం వెనకబడలేదు. 1902లో ఓవెన్ విస్టర్ 'ది వర్జీనియన్' నవల వచ్చింది. రచయిత ఫిలడెల్ఫియా సంపన్న కుటుంబీకుడు, హార్వర్డ్‌లో చదివినవాడు, వయోమింగ్ ఆసాముల అతిథి. అతని కౌబాయ్ నాయకుడు ఏంచేస్తాడు? యజమాని పశువుల్ని దొంగిలించారని తన పాత స్నేహితుణ్ణే ఉరితీయిస్తాడు. అది న్యాయమేనని నవలలో ఒక జడ్జి వాదిస్తాడు కూడా. సినిమాల్లో వందలసార్లు పుట్టిన ఉత్తమ కౌబాయ్‌కి ఇతడే మూలపురుషుడు: యజమానికోసం స్నేహితుణ్ణి ఉరితీసే కూలివాడు. రచయిత ఏ వర్గం పక్షాన ఉన్నాడన్న ప్రశ్న అనవసరమనే విమర్శకులు ఈ నవల చదివి సమాధానం చెప్పాలి.

ఇప్పుడు ఆటల్నే చూద్దాం. రోడియో పోటీలు రెండు తెగలు. ఒక తెగలో కాలం కొలుస్తారు, రెండో తెగలో మార్కులిస్తారు.

కాలం కొలిచే వాటిలో ఇద్దరు కలిసి తాళ్లు వేసే పోటీ అచ్చంగా పనిలోంచి వచ్చింది. ఒకడు ఎద్దు కొమ్ములకు తాడు వేస్తాడు, రెండోవాడు వెనకకాళ్లకు వేస్తాడు. బలిసిన పశువుకు వాత వేయాలన్నా, మందు రాయాలన్నా ఒక్కడివల్ల కాదు. ఇద్దరి చేతులూ, రెండు గుర్రాల నడకా కలిస్తేనే పశువు లొంగుతుంది. సహకారంలోంచి పుట్టిన ఈ పోటీయే ఒంటరి వీరుడి కథకు ఎదురు సాక్ష్యం. దూడకు తాడు వేసే పోటీ కూడా పనిలోదే. రౌతు గుర్రం మీదినుంచి తాడు విసిరి, కిందికి దూకి, తాడు వెంబడి పరుగెత్తి, దూడను పడవేసి మూడు కాళ్లు కట్టి చేతులెత్తాలి. తాడు సడలించాక 6 సెకండ్లపాటు ఆ కట్టు నిలవాలి.

అయితే ఇక్కడే జరిగిన మార్పు చూడండి. మందలో పనిచేసేటప్పుడు దూడ మెడ విరిగితే యజమానికి నష్టం, కూలివాడికి ఉద్వాసన. అందువల్ల పనిలో నేర్పంటే నిదానం. అతను జీవకారుణ్యమూర్తి అని నేననడం లేదు. కాల్చిన ఇనుముతో వాత వేసేవాడు వాడే. కాని ఆ హింసకు పని ఒక హద్దు గీసింది. పోటీలో పని పోయింది, గడియారం వచ్చింది. సెకండు సెకండుకూ డబ్బు పలుకుతున్నప్పుడు తాడు చివర దూడ ఎంత విసురుగా పడుతుందో చూడనవసరం లేకపోయింది. మన మిత్రులు ఖండించే క్రౌర్యం నిజమే. దానికి మూలం కౌబాయ్ స్వభావంలో లేదు, పనినుంచి తెగిపోయిన పోటీలో ఉంది. ఇంగ్లండులో 1934లోనే చట్టం చేసి ఇలాంటి తాడుపోటీల్నీ, నడుముకు పట్టీ బిగించి జంతువుల్ని ఎగిరించడాన్నీ నిషేధించారు. అలాంటి చట్టం ఎక్కడ వచ్చినా నేను సమర్థిస్తాను. కాని చట్టం చేసి చేతులు దులుపుకుంటే ఆట ఎందుకిలా అయిందో తెలియదు.

మార్కులిచ్చే తెగలో జీనుతో గుర్రమెక్కడం ఒకటి. లొంగని గుర్రాన్ని మచ్చిక చేసే పనికి అది ఆటరూపం. జీను లేకుండా ఎక్కడం, ఎద్దునెక్కడం మాత్రం ఏ మైదానంలోనూ ఎవడికీ అవసరపడలేదు. ఎద్దునెక్కడం మెక్సికోలోని హారిపేయో అనే వేడుకనుంచి వచ్చింది. ఒక చేత్తో పట్టుకుని 8 సెకండ్లు నిలవాలి. రెండో చెయ్యి ఎక్కడ తగిలినా ఓటమే. నూరు మార్కుల్లో సగం మనిషికి, సగం పశువుకు. ఈనాడు జనాన్ని ఎక్కువగా లాగేదీ, టెలివిజన్‌కు ఎక్కువ గిట్టుబాటయ్యేదీ పనితో ఏ సంబంధమూ లేని ఈ పోటీయే. శ్రమనుంచి ఎంత దూరం జరిగితే సరుకుకు అంత ధర!

మరి ఎవరి పేర్లు మిగిలాయి? పరుగెత్తే కోడె మీదికి గుర్రం నుంచి దూకి, కొమ్ములు పట్టి కిందపడవేసే పోటీని కనిపెట్టినవాడు బిల్ పికెట్. 1870లో టెక్సాస్‌లో పుట్టిన నల్లవాడు. కోడె పెదవిని పళ్లతో కరిచి లొంగదీసేవాడట. నల్లవాడన్న కారణంతో చాలా పోటీల్లో రానివ్వలేదు. 1932లో గుర్రం తన్ని చనిపోయాడు. 1971లో గాని అతనికి కౌబాయ్‌ల కీర్తిమందిరంలో చోటు దొరకలేదు. తర్వాత అమెరికా తపాలాశాఖ అతని పేర తపాలాబిళ్ల అచ్చువేసింది. తీరాచూస్తే ఆ బొమ్మ అతనిది కాదు, అతని తమ్ముడిది! 1994లో బిళ్లలు వెనక్కి తీసుకుని మళ్లీ అచ్చువేశారు. గౌరవించేటప్పుడు కూడా ఆ మనిషి ముఖమేదో వాళ్లకు తెలియలేదు.

1911లో ఆరెగాన్‌లోని పెండిల్టన్‌లో చివరి పోటీకి ముగ్గురు నిలిచారు: నల్లవాడు జార్జి ఫ్లెచర్, నెజ్ పెర్స్ ఇండియన్ జాక్సన్ సన్‌డౌన్, తెల్లవాడు జాన్ స్పెయిన్. న్యాయనిర్ణేతలు తెల్లవాడికి బహుమతి ఇచ్చారు. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. అక్కడి షెరీఫ్ ఫ్లెచర్ టోపీని ముక్కలుగా కోసి జనానికి అమ్మి ఆ డబ్బు అతనికిచ్చాడు. టిక్కెట్టు కొన్న సామాన్యజనం న్యాయనిర్ణేతలకంటె న్యాయంగా ప్రవర్తించారు. ఈ సంగతిని, జనాన్ని మూకగా తప్ప చూడలేని మన మిత్రులు గుర్తుంచుకోవాలి. ఐదేళ్ల తర్వాత 1916లో, 53 ఏళ్ల వయసులో, సన్‌డౌన్ అక్కడే గెలిచాడు. 1908లో షైయెన్‌లో తాడుపోటీ గెలిచింది ఇకువా పర్డీ అనే హవాయీ దేశీయుడు. అతని దేశాన్ని అమెరికా కలుపుకుని అప్పటికి సరిగ్గా పదేళ్లు. ఇక ఆడవాళ్ల సంగతి: 1929లో పెండిల్టన్‌లో బానీ మెకారల్ గుర్రం మీదినుంచి పడి మరణించిందని ఆడవాళ్లను ఆ పోటీనుంచి తొలగించారు. మగవాళ్లు పడి చచ్చిపోతే మగవాళ్లను తొలగించలేదు. 1948లో 38 మంది స్త్రీలు టెక్సాస్‌లోని శాన్ ఏంజెలోలో సొంతసంఘం పెట్టుకున్నాకనే వాళ్ల పోటీలకు ఒక దారి ఏర్పడింది.

సంఘం మాట మళ్లీ వచ్చింది. రోడియోలో ఆడేవాడికి జీతం లేదు. పోటీలో దిగడానికి తానే రుసుము కట్టాలి, దారిఖర్చులు తానే పెట్టుకోవాలి. గెలిస్తే డబ్బు, లేకపోతే ఖాళీచేతులు. 1936లో బోస్టన్‌లో 61 మంది కౌబాయ్‌లు మైదానంలోంచి బయటికి నడిచారు. తాము కట్టిన రుసుములు బహుమతి సొమ్ములో కలపాలనీ, బహుమతులు పెంచాలనీ కోరారు. నిర్వాహకుడు వేరేవాళ్లతో ఆట నడిపించబోయి చివరికి దిగివచ్చాడు. తమ సంఘానికి తాబేళ్ల సంఘమని పేరుపెట్టుకున్నారు: నెమ్మదిగా కదిలినా చివరికి మెడ బయటపెట్టాం అని. ఇప్పటి వృత్తి రోడియో సంఘం దాని వారసురాలే. వృత్తిక్రీడగా రోడియో పుట్టిందే సమ్మెలోంచి. 1992లో 20 మంది ఎద్దు రౌతులు తలా 1,000 డాలర్లు వేసుకుని మరో సంస్థ పెట్టారు. 2007లో అందులో పెద్ద వాటా ఒక పెట్టుబడి సంస్థకు పోయింది, 2015లో ఒక మహా వినోదవ్యాపార సంస్థ దాన్ని కొనేసింది. సమష్టిగా కట్టుకున్నదాన్ని కాపాడుకోవడం కట్టుకోవడం కంటె కష్టం.

పందెంలో పణం మాత్రం రౌతు శరీరమే. ప్రపంచ విజేత లేన్ ఫ్రాస్ట్ 1989 జూలై 30న షైయెన్‌లో 8 సెకండ్లూ నిలిచి, దిగాక ఎద్దు కొమ్ము దెబ్బకు 25 ఏళ్ల వయసులో ప్రాణం విడిచాడు. లూసియానాలోని అంగోలా జైలులో 1965 నుంచి ఖైదీల చేత రోడియో ఆడిస్తున్నారు. ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోటలోనే ఆ జైలు ఉంది. ఖైదీలలో అధికులు నల్లవాళ్లు. పొలంపనికి గంటకు కొద్ది సెంట్ల కూలి. అక్కడొక ఆట ఉంది: నలుగురు ఖైదీలు బల్లచుట్టూ కూర్చుంటారు, వాళ్లమీదికి ఎద్దును వదులుతారు, చివరిదాకా కుర్చీలో కూర్చున్నవాడు గెలిచినట్టు. మనిషి కదలకుండా కూర్చుని దెబ్బతినడమే ప్రావీణ్యమైన ఈ ఆట, శ్రమనుంచి తెగిన వినోదం ఎక్కడికి చేరుతుందో చూపిస్తుంది.

ఇదంతా మనకెందుకు అనేవారికి రెండు సంగతులు చెబుతాను. రోడియోలో ఎగిరే ఎద్దుల్లో చాలావాటిలో బ్రాహ్మన్ జాతి రక్తముంది. భారతదేశపు పశువుల్ని కలిపి అమెరికన్లు తయారుచేసిన జాతి అది; అందులో గిర్, గుజరాత్ జాతులతోపాటు మన ఒంగోలు జాతీ ఉంది. బ్రెజిల్‌లో ఒంగోలు జాతినే నెలోర్ అంటారు, ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక. తరతరాలుగా మన రైతు తన గడ్డి తాను తినక గిత్తకు పెట్టి రూపొందించిన జాతికి సముద్రాలు దాటాక బ్రాహ్మణత్వం అబ్బింది! రైతు పేరు ఎక్కడా లేదు. వకేరో పేరు పోయినట్టే ఇదీ పోయింది.

రెండోది సినిమా. 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది, రచన ఆరుద్ర. ఇటలీ వాళ్లు తీసిన అమెరికన్ కథల్ని మనవాళ్లు తెలుగు చేశారు. టోపీ వచ్చింది, గుర్రం వచ్చింది, తుపాకీ వచ్చింది, రానిది ఆవు. ఆవులేని కౌబాయ్ అంటే పనిలేని పనివాడు. నాగలి పట్టని రైతును వీరుడిగా చూపిస్తే నవ్వే మనం దీన్ని నవ్వకుండా చూశాం. ఆ బొమ్మ అంతకుముందే షైయెన్‌లో, షికాగోలో పని తుడిచేసుకుని తయారై వచ్చింది గనుక మనకు అనుమానం కలగలేదు.

కనుక మన కర్తవ్యం రోడియోను నెత్తిన పెట్టుకోవడం కాదు, ముక్కు మూసుకుని పక్కకు తప్పుకోవడమూ కాదు. జనం ఆదరించే ఏ ఆటనైనా, ఏ పాటనైనా అది ఎవరి పనిలోంచి పుట్టింది, ఎవరి చేతుల్లోకి పోయింది, పోతూ పోతూ ఎవరి ముఖం చెరిపేసింది అని అడగడం విమర్శకుడి మొదటి పని. బుర్రకథకైనా కోలాటానికైనా రేపు మనం అడగవలసిన ప్రశ్నలివే. రోడియోను మెచ్చుకోదలచినవాడు ముందు 1883 కౌబాయ్‌ల కోరికల పత్రం చదవాలి. నిందించదలచినవాడూ దాన్నే చదవాలి. చదివిన తర్వాత వాదించుకుందాం.